తిరిగి చెడేది ఎవరు?

తిరక్క మగవాడు చెడ్డాడు, తిరిగి ఆడది చెడింది. ఈ సామెత వినకుండా పెరిగిన తెలుగు ఆడపిల్ల ఉంటుందని నేననుకోను. సినిమాకి వెళ్ళొస్తే విన్నాం, స్నేహితురాలి ఊరికి వెళ్తానంటే విన్నాం, ఎం.ఏ. వేరే ఊళ్ళో చదువుతానంటే విన్నాం. ఒకే వాక్యంలో ఒకే క్రియకి రెండు అర్థాలు పెట్టిన గడుసుదనం చూడండి. మగవాడు చెడటం అంటే లోకం తెలియక బతకలేకపోవడం. ఆడది చెడటం అంటే శీలం పోవడం. మనం ఇన్నేళ్ళుగా సామెతలోని రెండో సగంతోనే పోట్లాడుతూ వచ్చాం. శీలం ఎవరిది, కొలిచేది ఎవరు, అని. ఆ పోట్లాట అవసరమే. కానీ మొదటి సగాన్ని మనం ఎప్పుడూ పట్టించుకోలేదు. తిరిగితే మనిషికి ఏదో ఒరుగుతుందని ఆ సామెత కట్టినవాళ్ళకి బాగా తెలుసు. తెలిసే ఆ లాభాన్ని ఒక్క మగవాడి పేరున రాసేసుకున్నారు.

ఆ ఒరిగేదేమిటో మెదడులో చూపించిన మనిషి ఒక స్త్రీ. పేరు ఎలినార్ మగ్వైర్. 1970లో డబ్లిన్‌లో పుట్టింది. 1994లో అక్కడే డాక్టరేట్ ముగించి లండన్ వెళ్ళింది. యూనివర్సిటీ కాలేజీ లండన్‌లోని బ్రెయిన్ ఇమేజింగ్ కేంద్రంలో, 2025 జనవరి 4న 54 ఏళ్ళకే చనిపోయేదాకా, ఒక్క ప్రశ్న చుట్టూనే పనిచేసింది. మనుషులు దారుల్నీ, గడిచిన రోజుల్నీ ఎలా గుర్తుపెట్టుకుంటారు అన్నదే ఆ ప్రశ్న. ఆమె చనిపోయినప్పుడు మన తెలుగు పత్రికల్లో ఒక్క మాట నా కంటపడలేదు. 2024లో రసాయనశాస్త్రంలో నోబెల్ పంచుకున్న డెమిస్ హసాబిస్ పేరు మాత్రం మన ఇంజనీరింగ్ పిల్లలందరికీ నోటికొచ్చు. ఆయన డాక్టరేట్ చేసింది ఈమె దగ్గరే.

లండన్‌లో నల్లరంగు టాక్సీ నడపాలంటే డ్రైవింగ్ వస్తే చాలదు. 'నాలెడ్జ్' అని ఒక పరీక్ష ఉంది. ఛేరింగ్ క్రాస్ నుంచి చుట్టూ ఆరు మైళ్ళ లోపు సుమారు 25 వేల వీధులు బుర్రలో ఉండాలి. అభ్యర్థులు మూడు నాలుగేళ్ళు స్కూటర్ల మీద సందు సందూ తిరిగి నేర్చుకుంటారు. దీని మీద తీసిన ఒక టీవీ సినిమా చూశాక మగ్వైర్‌కి ఆలోచన వచ్చింది, వీళ్ళ మెదళ్ళు ఎలా ఉంటాయో చూడాలని. 2000లో ఆమె బృందం 16 మంది టాక్సీ డ్రైవర్ల ఎమ్మారై స్కాన్లు తీసి, టాక్సీ నడపని వాళ్ళ స్కాన్లతో పోల్చింది. మెదడు లోపల, చెవుల స్థాయిలో అటూ ఇటూ హిప్పోకాంపస్ అని ఒక భాగం ఉంటుంది. చూడటానికి సముద్రపు గుర్రంలా ఉంటుందని ఆ పేరు పెట్టారు. డ్రైవర్లలో దాని వెనక భాగం పెద్దదిగా ఉంది. ఎన్నేళ్ళు ఎక్కువ నడిపితే అంత పెద్దది. పెద్దవాళ్ళ మెదడు ఇక మారదు అన్న నమ్మకం అప్పటికింకా చాలా గట్టిగానే ఉంది. ఈ పనికి 2003లో ఇగ్ నోబెల్ కూడా ఇచ్చారు. అది ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే బహుమతి.

అనుమానం రావాల్సిందే. పుట్టుకతోనే అలాంటి మెదడు ఉన్నవాళ్ళే టాక్సీ డ్రైవర్లు అయ్యారేమో? మగ్వైర్ ఆ అనుమానాన్ని వదిలిపెట్టలేదు. కేథరిన్ వూలెట్‌తో కలిసి, పరీక్షకి చదవడం మొదలుపెట్టిన 79 మందిని మొదట్లోనే స్కాన్ చేసింది. అప్పుడు వాళ్ళ మధ్య తేడా ఏమీ లేదు. మూడు నాలుగేళ్ళ తర్వాత 39 మంది పాసయ్యారు. మళ్ళీ స్కాన్ చేస్తే ఆ పాసైనవాళ్ళలోనే హిప్పోకాంపస్ వెనక భాగం పెరిగింది. తప్పినవాళ్ళలో లేదు, అసలు చదవనివాళ్ళలో లేదు. 2011లో ఈ ఫలితం అచ్చయింది. అంటే ముందు తిరగడం, తర్వాత మెదడు. ఆమె ఇంకో మాట కూడా దాచలేదు. డ్రైవర్లకి లాభంతో పాటు కొంత నష్టమూ ఉంది, కొన్ని రకాల కొత్త బొమ్మల్ని గుర్తుపెట్టుకోవడంలో వాళ్ళు వెనకబడ్డారు. ఫలితంలో తనకి నచ్చిన సగం చూపించి రెండో సగం మడిచి పెట్టే అలవాటు ఆమెకి లేదు.

ఇక్కడ నాకు ఆమెతో ఒక తగాదా ఉంది. ఆ 16 మందీ మగవాళ్ళే. ఆ 79 మందీ మగవాళ్ళే. లండన్ టాక్సీ డ్రైవర్లలో ఆడవాళ్ళు నూటికి ఇద్దరు ముగ్గురు మించరు కాబట్టి దొరకలేదంటారు. సరే. కానీ ఆ మాటనే ఇంకోలా చదవచ్చు కదా. లోకంలో దారుల విజ్ఞానం మీద జరిగిన అతి పేరున్న పరిశోధనకి పనికొచ్చే ఆడమెదళ్ళు ఆ నగరంలో దొరకలేదు. ఎందుకు దొరకలేదన్న ప్రశ్న ఎమ్మారై యంత్రానికి బయట ఉంది. అది మన ప్రశ్న.

ఇప్పుడు ఈ స్కాన్ల రెండో ముఖం చూద్దాం. కొన్నేళ్ళ క్రితం ఒక విశ్వవిద్యాలయంలో అధ్యాపకుల రిఫ్రెషర్ కోర్సులో కూర్చున్నాను. వ్యక్తిత్వ వికాసం మీద మాట్లాడటానికొచ్చిన ఒక పెద్దాయన తెర మీద రెండు మెదళ్ళ బొమ్మలు వేశాడు. పైన నీలం గీతలు, కింద నారింజ గీతలు. నీలం గీతలు ముందు నుంచి వెనక్కి, నారింజ గీతలు ఎడమ నుంచి కుడికి. 'ఇది మగ మెదడు, ఇది ఆడ మెదడు. అందుకే మగవాళ్ళకి దారులు తెలుస్తాయి, ఆడవాళ్ళు ఒకేసారి నాలుగు పనులు చేస్తారు' అన్నాడు. హాలంతా నవ్వింది. లేచి అడగబోతే, 'ఏమ్మా, సైన్సుని కూడా ఒప్పుకోరా మీ స్త్రీవాదులు?' అన్నాడు. ఇంకోసారి నవ్వు.

ఆ బొమ్మ ఎక్కడిదో చెప్తాను, ఎందుకంటే మీకూ ఎక్కడో ఒకచోట ఎదురయ్యే ఉంటుంది. 2013 డిసెంబరులో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పేపర్ అది. 8 నుంచి 22 ఏళ్ళ మధ్య 949 మంది స్కాన్లు. దాని మొదటి రచయిత మధుర ఇంగళ్హాళికర్, బృందానికి పెద్ద రాగిణీ వర్మ, ఇద్దరూ మన దేశపు స్త్రీలే. 'ఆడవాళ్ళే తేల్చారు కదా' అని ఆ పెద్దాయన అనలేదు గానీ, అంటే ఇంకా నవ్వేవాళ్ళు. ఆ బొమ్మలో ఉన్నవి ఒక మనిషి మెదడు తీగలు కావు. రెండు గుంపుల సగటుల మధ్య తేడా వచ్చిన చోట్లు మాత్రమే గీతలుగా గీశారు. తేడా రానివి, అంటే ఇద్దరిలో ఒకేలా ఉన్నవి, బొమ్మలో లేనే లేవు. ఆ స్కానర్లో పడుకున్నవాళ్ళెవరూ దారి వెతకలేదు, నాలుగు పనులూ చెయ్యలేదు, ఊరికే పడుకున్నారు. పైగా ఎనిమిదేళ్ళ పిల్ల అంటే అప్పటికే ఎనిమిదేళ్ళు ఆడపిల్లగా పెరిగిన పిల్ల. దాన్ని పుట్టుక అని ఎలా అంటారు?

నాలుగు పనులు ఒకేసారి చెయ్యడం గురించి ఒక్క మాట. పొయ్యి మీద పాలు, ఒళ్ళో పిల్ల, గుమ్మంలో చాకలి, ఫోన్లో అత్తగారు. దీన్ని మనం ఇంటి చాకిరీ అని పేరు పెట్టి బయటికి లాగడానికి ఎన్నేళ్ళు పట్టింది! నారింజ గీతలు వచ్చి దాన్ని మళ్ళీ మన పుర్రెలోకి తోసేశాయి. ఇక జీతం అడగక్కర్లేదు, చేయి సాయం అడగక్కర్లేదు. తీగలే అలా ఉన్నాయి మరి.

ఇది కొత్తదేమీ కాదు. 1887లో జార్జ్ రోమేన్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఆడవాళ్ళ మెదడు అయిదు ఔన్సులు తక్కువ, కాబట్టి తెలివీ తక్కువే ఉంటుందని రాశాడు. తరాజు పోయి స్కానర్ వచ్చింది. ఆ స్కానర్ ఎంత జాగ్రత్తగా వాడాలో చెప్పడానికి 2009లో క్రెయిగ్ బెనెట్ అనే పరిశోధకుడు, చచ్చిన సాల్మన్ చేపని స్కానర్లో పెట్టి మనుషుల ఫోటోలు చూపించాడు. లెక్కలు సరిచెయ్యకపోతే ఆ చచ్చిన చేప మెదడు కూడా 'ఆలోచిస్తున్నట్టు' వచ్చింది! ఆ రిఫ్రెషర్ కోర్సులో ఆ చేప బొమ్మ కూడా వేసుంటే బాగుండేది.

ఇంతమాత్రాన స్కాన్లన్నీ పితృస్వామ్య కుట్ర అనేసి పక్కకి జరిగితే సరిపోతుందా? మనలో చాలామంది చేస్తున్నది అదే. సాహిత్యం నుంచి వచ్చినవాళ్ళం కాబట్టి దేహం, భాష, అస్తిత్వం అంటూ ఎంతైనా రాస్తాం గానీ, గ్రాఫు కనబడగానే పేజీ తిప్పేస్తాం. ఆ తిప్పేసిన పేజీల్లోనే మన తరఫు సాక్షులున్నారు. ఇంగ్లండులో దశాబ్దాలు మెదడు ఇమేజింగ్‌లో పనిచేసిన జీనా రిప్పన్, ఈ ఆడ మెదడు మగ మెదడు వ్యాపారాన్ని లోపలి నుంచే ఉతికి ఆరేసి 2019లో పుస్తకం వేసింది. ఇజ్రాయెల్‌లో డాఫ్నా జోయెల్ బృందం 1400కి పైగా స్కాన్లు చూసి 2015లో తేల్చింది, పూర్తిగా 'ఆడ'గానో పూర్తిగా 'మగ'గానో ఉన్న మెదళ్ళు చాలా అరుదు, దాదాపు ప్రతి మెదడూ రకరకాల ముక్కల బొంత అని. 2021లో లీజ్ ఎలియట్, ఆమె సహచరులు ముప్ఫై ఏళ్ళ పరిశోధనలని ఒకచోట పెట్టి చూశారు. మగవాళ్ళ మెదడు సగటున పెద్దది, వాళ్ళ ఒళ్ళు పెద్దది కాబట్టి. ఆ సైజు తేడా తీసేస్తే ఆడామగా అన్న తేడాకి మిగిలేది నూటికి ఒక వంతు అటూ ఇటూ. ఇవన్నీ స్త్రీలు చేసిన పనులు. చదివి, తెలుగులో చెప్పాల్సింది మనం కాక ఎవరు?

అందుకే నాకు మగ్వైర్ కావాలి. ఆమె స్త్రీవాద శాస్త్రవేత్త అని నేననడం లేదు. కానీ ఆమె పనిలో మన సామెతకి జవాబుంది. టాక్సీల తర్వాత 2006లో ఆమె బస్సు డ్రైవర్లని చూసింది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పేపర్ అది. ఇద్దరూ అదే నగరంలో, అదే ట్రాఫిక్‌లో, రోజంతా నడుపుతారు. తేడా ఒక్కటే. బస్సు డ్రైవర్‌కి రూటు ముందే వేసిపెట్టి ఉంటుంది. టాక్సీ డ్రైవర్ ప్రతిసారీ దారి తనే కట్టుకోవాలి. హిప్పోకాంపస్ వెనక భాగం టాక్సీ వాళ్ళకే పెద్దది. రోడ్డు మీద ఉండటం చాల్లేదన్నమాట. దారి నిర్ణయించుకోవాలి.

ఇది చదివినప్పుడు నాకు మన ఉద్యోగస్థురాళ్ళే గుర్తొచ్చారు. 'ఇప్పుడు ఆడవాళ్ళు బయటికి రావడం లేదా, ఇంకేం కావాలి?' అంటుంటారు కదా. వస్తున్నారు. ఇల్లు, బడి, కూరగాయల బండి, ఇల్లు. లేటైతే ఫోను. ఇంకో సందులోంచి వస్తే, ఎందుకలా వచ్చావు? రూటు వేసింది వేరేవాళ్ళు, టైము రాసింది వేరేవాళ్ళు. మధ్యతరగతి స్త్రీ ముప్ఫై ఏళ్ళు ఉద్యోగం చేసి కూడా తన ఊళ్ళో పది వీధులు దాటి ఎరగదంటే అది ఆమె మెదడు లోపం కాదు, ఆమెది బస్సు డ్రైవరు ఉద్యోగం. కూలికి వెళ్ళే స్త్రీలకీ, తట్టలో సరుకు పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మే స్త్రీలకీ దారులు తెలుసు. వాళ్ళని ఈ సమాజం పిలిచిన పేర్లూ మనకి తెలుసు. మగవాడైతే 'దేశదిమ్మరి' అంటారు, ఆ మాటలో ముద్దు కూడా ఉంటుంది. ఆడదానికి అలాంటి ముద్దు మాట ఏది?

ఇంట్లో ఉంచితే ఆడవాళ్ళ హిప్పోకాంపస్ కుంచించుకుపోతుందని ఏ స్కానూ చెప్పలేదు, నేనూ చెప్పను. అయితే మగ్వైర్‌తో కలిసి టాక్సీ డ్రైవర్ల మీద పనిచేసిన హ్యూగో స్పియర్స్, ఆ తర్వాత ఇంకో బృందంతో ఒక ఫోను ఆటని పరిశోధనగా మార్చాడు. సముద్రంలో పడవకి దారి వెతికే ఆట అది. 57 దేశాల నుంచి అయిదున్నర లక్షల మంది ఆడిన లెక్కలు 2018లో వచ్చాయి. సగటున మగవాళ్ళు ముందున్నారు. కానీ ఎంత ముందు అన్నది దేశాన్ని బట్టి మారింది. స్త్రీపురుష సమానత్వం ఎక్కువగా ఉన్న దేశాల్లో ఆ తేడా తక్కువ, అసమానత పెరిగేకొద్దీ తేడా ఎక్కువ. నారింజ గీతలే కారణమైతే నార్వేకి ఒక రకం, ఇంకో దేశానికి ఇంకో రకం తీగలుండాలి కదా!

మగ్వైర్‌కి స్వయంగా దారులు అస్సలు గుర్తుండేవి కావట. ఆమే నవ్వుతూ చెప్పుకునేది. 'చూశారా!' అంటారు కొందరు. చూశాం. దారి తప్పే మనిషే దారి మీద ముప్ఫై ఏళ్ళు పనిచేసింది. దారి తప్పే మగవాడిని ఎవరూ మగజాతికి ఉదాహరణగా చూపించరు.

హిప్పోకాంపస్ దారులకే కాదు. 2007లో మగ్వైర్, హసాబిస్ కలిసి చేసిన పనిలో, ఈ భాగం దెబ్బతిని జ్ఞాపకశక్తి పోయిన అయిదుగురిని ఊహించమన్నారు, ఒక సముద్రతీరాన్నో సంతనో. చాలావరకు ఊహించలేకపోయారు. విడివిడి ముక్కలు చెప్పారు గానీ ఒక చోటుగా అల్లలేకపోయారు. గడిచింది గుర్తుచేసుకోవడం, జరగనిది ఊహించడం ఒకే ఇంట్లో కాపురం ఉంటాయన్నమాట. మన ఆత్మకథలు ఎందుకు వంటింటి గోడల దగ్గర ఆగిపోయేవి, ఊహ ఎందుకు కిటికీ దాకానే వెళ్ళేది అని మనం సాహిత్య విమర్శలో తెగ అడిగాం. అవి శిల్పం లోపాలని తీసిపారేసిన విమర్శకుల్ని మర్చిపోలేదు. ఏనుగుల వీరాస్వామి 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరితే తెలుగులో యాత్రాచరిత్ర పుట్టింది. పోతం జానకమ్మ 1870ల్లో ఇంగ్లండు చూసొచ్చి రాసింది, 1876లో ఇంగ్లీషులో అచ్చయింది. వీరాస్వామి పుస్తకం మేం ఎం.ఏ.లో పాఠంగా చదివాం. జానకమ్మ పేరు ఆ క్లాసులో ఒక్కసారి కూడా వినబడలేదు.

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితం. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోనూ. మొదటి వారం నుంచీ ఏం విన్నాం? 'పనీపాటా లేకుండా తిరుగుతున్నారు.' బస్సులో ఎల్లిపాయ పొట్టు తీస్తున్న స్త్రీ వీడియోకి ఎంత వెటకారం! ఒక పెద్ద నాయకుడు బస్సుల్లో డాన్సులు కూడా వేసుకోమనండి అని 2024 ఆగస్టులో అని, తర్వాత విచారం వ్యక్తం చేశాడు. ఆటోవాళ్ళ ఉపాధి, బస్సుల కొరత, ఇవి నిజమైన సమస్యలు, మాట్లాడాలి. కానీ 'పని లేకుండా తిరగడం' అన్న నేరం ఏ చట్టంలో ఉంది? పని మీద వెళ్తే అది రూటు. పని లేకుండా వెళ్తేనే కదా దారి మనది. యాదగిరిగుట్టకో, చెల్లెలింటికో, ఊరికే కోఠీకో, ఏ బస్సెక్కాలో తనే అనుకుని జీరో టికెట్ తీసుకున్న అరవై ఏళ్ళ స్త్రీ టాక్సీ డ్రైవరు పని చేస్తోంది, బస్సులో కూర్చునే.

భద్రత మాటేమిటంటారు. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలిని చంపేశాక, మహిళా కండక్టర్లకి రాత్రి ఎనిమిది తర్వాత డ్యూటీ వెయ్యొద్దన్నారు అప్పటి ముఖ్యమంత్రి. చంపినవాళ్ళు మగవాళ్ళు, రోడ్డు మీంచి తీసేసింది ఆడవాళ్ళని. ఎనిమిది గంటలకి ఆడ కండక్టర్ ఉన్న బస్సు ఎక్కే ఆడపిల్లకి ఎంత ధైర్యంగా ఉంటుందో ఆ లెక్కలో లేదు.

ఇదంతా ప్రభుత్వాల గురించీ, మైకు పట్టుకున్న మగవాళ్ళ గురించీ అయితే మనకి సుఖంగానే ఉండేది. కానీ ఈ పత్రిక చదివే వాళ్ళలో కొందరు వార్డెన్లు. ఇంకొందరు హాస్టల్ కమిటీల్లో ఉన్నారు. పగలు క్లాసులో స్త్రీల స్థలం, చలనం అంటూ పాఠం చెప్పి, సాయంత్రం ఆరున్నరకి అమ్మాయిల హాస్టల్ గేటు వేయిస్తున్నది మనమే. అబ్బాయిల హాస్టల్‌కి గేటుందో లేదో కూడా మనకి తెలియదు. 2015లో ఢిల్లీలో అమ్మాయిలు పింజ్రా తోడ్ అని రోడ్డెక్కితే మనం వ్యాసాలు రాశాం, సెమినార్లు పెట్టాం. మన సొంత కాంపస్‌లో అమ్మాయి లైబ్రరీ నుంచి ఎనిమిదింటికి వస్తే ఇంటికి ఫోన్ చేయించాం. 'తల్లిదండ్రులు ఊరుకోరు మేడం' అంటారు. ఊరుకోరు. వాళ్ళకి జవాబు చెప్పడానికే మనకి ఆ కుర్చీ ఇచ్చారు. దారి మధ్యలో దీపాలు లేకపోతే దీపాలు అడగాలి, చివరి బస్సు ఏడింటికి ఆగిపోతే తొమ్మిదింటి దాకా నడపమని డిపో మేనేజరుకి రాయాలి. ఇవి గేటుకి తాళం వెయ్యడం కన్నా కష్టమైన పనులు, ఒప్పుకుంటాను.

వచ్చే ఏడాది కొత్త పిల్లలు వస్తారు. పల్లెటూరి నుంచి మొదటిసారి నగరానికొచ్చే పిల్లలు, ఇరవై ఏళ్ళవాళ్ళు, వీధులు నేర్చుకునే వయసు. హాస్టల్ నిబంధనల కాగితం మళ్ళీ అచ్చుకి పంపేముందు, ఆరున్నర అన్న అంకె కింద ఎవరి సంతకం ఉందో ఒకసారి చూడండి. నేను చూసిన మూడు హాస్టళ్ళలోనూ అది స్త్రీ సంతకమే. అందులో ఒకటి కవయిత్రిది.